తెల్ల గిత్త, నల్ల రాయి: ఫిల్ము ట్యాంకు తిప్పడం మీద ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి దాటాక

ఒంగోలు గిత్తల మీద బ్లాక్ అండ్ వైట్ ఫొటోల వరస ఒకటి చేస్తున్నాను. 35 ఎంఎం ఫిల్ము, డెవలపింగ్ అంతా ఇంట్లోనే, వెలుగు చొరని ట్యాంకులో డెవలపర్ అనే రసాయనం పోసి. ఈ పశువును ఎండలో తీయడమంటే ఫిల్ముకు పరీక్ష పెట్టడమే. ఒళ్ళంతా తెలుపు. కనురెప్పలు, ముట్టె, గిట్టలు, తోక కుచ్చు నలుపు. మగ పశువుకు మెడ మీద, మూపురం మీద బూడిద ఛాయ. గంగడోలు మడతల్లో నీడ. ఇవన్నీ ఒకే ఫ్రేములో ఉంటాయి, పైన మా ప్రకాశం జిల్లా ఎండ. నీడలో వివరం దక్కాలని ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువ ఇస్తే నెగటివ్‌లో మూపురం దగ్గర వెండి దట్టంగా పేరుకుంటుంది. ప్రింటులో గానీ స్కానులో గానీ అక్కడ తోలు కనపడదు, ఉత్త తెలుపే కనపడుతుంది.

డెవలపింగ్‌లో దీన్ని అదుపు చేయడానికి నాలుగు దారులున్నాయి. డెవలపర్ ఎంత పలచన, ఎంత వేడి, ఎంతసేపు, ట్యాంకును ఎంత తరచుగా ఎలా తిప్పుతున్నాం. మొదటి మూడింటికీ పట్టికలు ఉన్నాయి, అందరూ వాటిని శ్రద్ధగా పాటిస్తారు. నాలుగోది మాత్రం చేతి అలవాటుగా మిగిలిపోతుంది. మన ఎండకూ తెల్ల పశువుకూ అసలు పట్టు ఆ నాలుగోదాంట్లోనే ఉందని నా నమ్మకం. అది నిజమో కాదో ఫిల్ము మీదే చూడాలని ఈ పని పెట్టుకున్నాను.

సామాను: పాటర్సన్ ప్లాస్టిక్ ట్యాంకు, ఫిల్ము చుట్టే రీళ్ళు రెండు పట్టేది. ఫిల్ము ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. డెవలపర్ డీ-76. కొడాక్ 1927లో తెచ్చిన ఫార్ములా ఇది, లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. అంతే. బోరాక్స్ అంటే మన పచారీ కొట్లో దొరికే వెలిగారమే, కాకపోతే నేను ల్యాబ్ సరుకే వాడుతున్నాను. సొంతంగా కలుపుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సల్ఫైట్ నిండుగా ఉన్న నీళ్ళలో మెటాల్ సరిగా కరగదు. గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు సల్ఫైట్, ఆ వెంటనే మెటాల్, అది కరిగాక మిగతావి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, చేతికి తొడుగు తప్పనిసరి.

ఎందుకు తిప్పాలి

ఫిల్ము మీద పూత జెలటిన్. తడిస్తే ఉబ్బుతుంది. డెవలపర్ అందులోకి ఇంకి, వెలుగు తగిలిన సిల్వర్ హాలైడ్ గింజల్ని వెండిగా మారుస్తుంది. ఆ పనిలో డెవలపర్ ఖర్చవుతుంది, బ్రోమైడ్ విడుదలవుతుంది. ఈ బ్రోమైడ్ డెవలపింగ్‌ను అణిచిపెడుతుంది. ఎండ బాగా తగిలిన చోట పని ఎక్కువ కాబట్టి డెవలపర్ త్వరగా అయిపోతుంది, బ్రోమైడ్ ఎక్కువగా చేరుతుంది. నీడ పడిన చోట పని తక్కువ, అక్కడి డెవలపర్ చాలాసేపు తాజాగానే ఉంటుంది.

పెళ్ళి బంతిలో వడ్డన చూడండి. గబగబా తినేవాళ్ళ విస్తరి ముందు ఖాళీ అవుతుంది. వడ్డించేవాడు మాటిమాటికీ వస్తుంటే వాళ్ళే ఎక్కువ తింటారు. కాస్త ఆగి వస్తే, ఈలోపు నెమ్మదిగా తినేవాళ్ళు వాళ్ళను అందుకుంటారు. ట్యాంకు తిప్పడం ఆ వడ్డన. తరచుగా తిప్పితే వెలుగు భాగాలు ఎదుగుతూనే ఉంటాయి, కాంట్రాస్ట్, అంటే వెలుగు నీడల మధ్య తేడా, పెరుగుతుంది. ఎడం ఇస్తే వెలుగు భాగాలు తమంతట తామే నెమ్మదిస్తాయి, నీడలు మాత్రం సాగుతాయి.

దీనికో షరతు ఉంది. డెవలపర్ చిక్కగా ఉంటే అది అంత సులభంగా అయిపోదు, కాబట్టి ఈ తేడా పెద్దగా కనపడదు. నీళ్ళు కలపని స్టాక్ డీ-76లో ఎడంగా తిప్పి లాభం చూడాలనుకుంటే నిరాశే. సగానికి సగం నీళ్ళు కలిపిన 1+1లో తేడా మొదలవుతుంది, 1+3లో ఇంకా బాగా తెలుస్తుంది.

మూలకొలత

పోల్చి చూడాలంటే ముందు ఒక స్థిరమైన పద్ధతి ఉండాలి. ఇల్‌ఫర్డ్ చెప్పేది తీసుకున్నాను. మొదటి 10 సెకన్లలో నాలుగు సార్లు బోర్లించి నిలబెట్టడం, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో 10 సెకన్లలో నాలుగు సార్లు. కొడాక్ చిన్న ట్యాంకులకు చెప్పేది వేరు, 30 సెకన్లకోసారి 5 సెకన్ల పాటు. రెండూ మంచివే. ఒకదాని పట్టికలోని సమయం తీసుకుని రెండోదాని తిప్పుడు పెడితే మాత్రం లెక్క తప్పుతుంది. హెచ్‌పీ5కి డీ-76 1+1లో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలని ఇల్‌ఫర్డ్ ఇస్తుంది. ఆ 11 నిమిషాలు నిమిషానికి నాలుగు బోర్లింపుల లెక్కలో చెప్పినవి.

చేతి పని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తేడా అంతా అక్కడే వస్తుంది. ట్యాంకును పూర్తిగా తలకిందులు చేయాలి, బుడబుడమని గాలి పైకి పోయేదాకా ఆగాలి, మళ్ళీ నిలబెట్టాలి. ఒక్కో బోర్లింపుకు రెండున్నర సెకన్లు. బోర్లించేటప్పుడే మణికట్టుతో ట్యాంకును పావు వంతు పక్కకు తిప్పితే ప్రతిసారీ నీళ్ళు ఒకే దారిన పోకుండా ఉంటాయి. సోడా సీసా ఊపినట్టు ఊపకూడదు. ఊపితే 35 ఎంఎం ఫిల్ము అంచు చిల్లుల గుండా డెవలపర్ జోరుగా దూసుకొచ్చి, ప్రతి చిల్లుకు ఎదురుగా నెగటివ్ ముదురుతుంది. ప్రింటులో అవి అంచు నుంచి లోపలికి వచ్చే లేత చారలు. ఆకాశం ఉన్న ఫొటోలో దాచడం కుదరదు.

తిప్పడం అయ్యాక ట్యాంకు అడుగును బల్ల మీద గట్టిగా తట్టాలి. ఫిల్ముకు అతుక్కున్న గాలి బుడగలు ఊడిపోవడానికి ఇది. బుడగ ఉన్న చోట డెవలపర్ తగలదు, నెగటివ్‌లో గుండ్రటి ఖాళీ చుక్క మిగులుతుంది, ప్రింటులో అది నల్ల చుక్క.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ట్యాంకును అంచుదాకా నింపకూడదు. పైన కాస్త గాలి ఉంటేనే బోర్లించినప్పుడు లోపలి ద్రవం నిజంగా దొర్లుతుంది. నిండిపోతే ఎంత తిప్పినా రీలు, ద్రవం కలిసి తిరుగుతాయి తప్ప ఫిల్ము ముందున్న పాత డెవలపర్ జరగదు. అందుకే ఒక రోల్ చేసినా రెండు రీళ్ళ ట్యాంకులోనే చేస్తున్నాను. ఫిల్ము కింది రీలులో, పైన ఖాళీ రీలు, 600 మి.లీ. ద్రవం. దీనివల్ల రెండో లాభం కూడా ఉంది. 36 ఫ్రేముల రోల్‌ను 1+1లో చేస్తే 473 మి.లీ. ఉండాలని, 237తోనే సరిపెడితే సమయం పది శాతం పెంచాలని కొడాక్ సూచన. 600 ఉంటే ఆ సందేహమే రాదు.

ప్రయోగానికి బొమ్మ

గిత్త కదులుతుంది. "నిలబడాలంటే పొద్దున్నే రా అబ్బాయ్, ఎండెక్కితే నీడకు లాగుద్ది" అన్నాడు దాని రైతు. కాబట్టి పోలిక కోసం కదలనివి పెట్టాను. దండెం మీద మడతలతో ఆరేసిన తెల్ల పంచె, మిట్టమధ్యాహ్నపు ఎండలో. దాని పక్కనే వేపచెట్టు నీడలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక. నల్లరాయిలో బంగారు రంగు మెరుపు చుక్కలుండే ఆ రాయి నీడలో వివరం నిలిచిందో లేదో చెప్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. చుక్కలు విడివిడిగా కనపడితే నీడ దక్కినట్టు. పంచె నేత, మడత అంచులు కనపడితే వెలుగు దక్కినట్టు. ఆ వెనక కొంత ఖాళీ ఆకాశం, చారలు పట్టుకోవడానికి.

ట్రైపాడ్ మీద కెమెరా కదలకుండా, ఎక్స్‌పోజర్ మార్చకుండా రోల్ అంతా అదే బొమ్మ. కోత కోసం మధ్యమధ్య కొన్ని ఫ్రేములు మూత పెట్టి వదిలాను. 35 ఎంఎంలో ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు ఎనిమిది చిల్లులు, అంటే 38 మిల్లీమీటర్లు. పది ఫ్రేములకు 38 సెంటీమీటర్లు. అట్ట ముక్కను ఆ పొడవుకు కత్తిరించి చీకట్లో దాన్నే కొలతగా పెట్టుకుంటే ఒకే రోల్‌ను ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో రకంగా తిప్పవచ్చు. ఫిల్ము, ఎండ, ఎక్స్‌పోజర్ అన్నీ ఒకటే కాబట్టి ఇక తేడా ఏదొచ్చినా తిప్పడంలోదే.

రీలుకు ఎక్కించడం రాత్రిపూట, కిటికీ లేని సామాన్ల గదిలో. మన కోస్తా ఉక్కకు వెలుగు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు చెమట పట్టి లోపల తేమ చేరుతుంది, ప్లాస్టిక్ రీలు మీద ఫిల్ము సగంలో బిగుసుకుపోతుంది. రీలు ఎముకలా ఎండి ఉండాలి.

శివరాత్రికి ముందు – ముక్కల ఫలితాలు

అన్నీ డీ-76 1+1, ఒకే ఉష్ణోగ్రత, ఒకే సమయం. మార్చింది తిప్పుడొక్కటే. నెగటివ్‌లను లైట్ బాక్స్ మీద పెట్టి డిజిటల్ కెమెరాతో మాన్యువల్‌లో ఒకే ఎక్స్‌పోజర్‌తో తీసి పోల్చాను. దానికంటే నాకు నచ్చింది పాత పద్ధతి. నెగటివ్‌ను తెలుగు పేపర్ మీద పరిచి, బాగా నల్లబడ్డ చోటు గుండా కింది అక్షరాలు చదవగలుగుతున్నామా చూడటం. కష్టపడితే చదవగలిగేంత ఉంటే ముదురు సరిపోయినట్టు. అసలు కనపడకపోతే ఎక్కువైనట్టు.

30 సెకన్లకోసారి తిప్పిన ముక్కలో పంచె పూర్తిగా మూసుకుపోయింది, కింద అక్షరం ఆనవాలు లేదు. నిమిషానికి నాలుగు బోర్లింపుల ముక్కలో పెద్ద హెడ్డింగులు తెలిశాయి, మామూలు అక్షరం తెలియలేదు. నిమిషానికి ఒక్కసారే మెల్లగా బోర్లించిన ముక్కలో మామూలు అక్షరాలు కూడా కష్టం మీద చదవగలిగాను. పంచె మడతల అంచులు విడివిడిగా వచ్చాయి. నీడలోని గ్రానైట్ చుక్కలు మూడింట్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. నాకు కావలసింది సరిగ్గా ఇదే. సమయం తగ్గించి వెలుగును తగ్గించవచ్చు, కానీ అప్పుడు నీడ కూడా కొంత పోతుంది. తిప్పుడు తగ్గిస్తే నీడ మీద దెబ్బ చాలా తక్కువ.

మూడు నిమిషాలకోసారి తిప్పిన ముక్క కూడా ఉంది. వెలుగు ఇంకా అణిగింది, అయితే మధ్య టోన్లు కూడా చప్పబడ్డాయి. వేప ఆకుల్లో జీవం పోయింది. సమయం పెంచితే అది తిరిగొస్తుంది కానీ ఆకాశంలో మచ్చలు తొంగిచూడటం మొదలైంది. డెవలపర్ నిలవున్నకొద్దీ అది ఎక్కడికక్కడ ఒక్కో రకంగా పనిచేయడానికి వీలు పెరుగుతుంది. ఎడానికి ఎంత లాభముందో అంత ప్రమాదమూ ఉంది.

పుల్లతో తిప్పడం

పాటర్సన్ ట్యాంకుతో ఒక ప్లాస్టిక్ పుల్ల వస్తుంది. మూత తీయకుండా, పైనుంచి దూర్చి రీలును తిప్పడానికి. ఒలకదు, తొడుగుల్లోకి మందు కారదు. కానీ రీలు ఒకే దిశలో తిరిగితే ద్రవం కూడా అదే దారి పడుతుంది. ఫిల్ము అంచుల్లో ఒకలా, నడుమ ఇంకోలా వస్తుంది. వాడాల్సి వస్తే అటు ఇటు మార్చి మార్చి, కొద్దికొద్దిగా కుదుపుతూ తిప్పాలి. మొదటి 30 సెకన్లకు ఇది నిజంగా మంచిది, డెవలపర్ పోస్తూనే తిప్పడం మొదలుపెట్టవచ్చు. ఆపై బోర్లించడమే నయమని నా అభిప్రాయం.

ఆపకుండా తిప్పే రోటరీ పద్ధతి నా పనికి ఎదురు దిక్కు. జోబో యంత్రాల్లో ట్యాంకు అడ్డంగా పడుకుని దొర్లుతూనే ఉంటుంది, మందు తక్కువ పడుతుంది, అంతటా సమంగా వస్తుంది. అక్కడ సమయాన్ని 15 శాతం దాకా తగ్గించమంటారు. మబ్బు పట్టిన రోజు తీసిన చప్పటి ఫొటోలకు అది బాగుంటుంది. ఒంగోలు ఎండకు కాదు.

స్టూడియో బాబాయ్ చెప్పింది

మా వీధి చివర ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన పెద్దాయన ఉన్నారు. అందరికీ బాబాయే. ఈ ముక్కలు తీసుకెళ్ళి చూపించాను. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు ఫిల్ములు చేతుల మీదుగా వెళ్ళిన మనిషి. ట్యాంకు మీద ఆయనకు పెద్ద మోజు లేదు. 35 ఎంఎం కంటే వెడల్పాటి 120 రోల్ ఫిల్మును రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని, చీకట్లో ట్రేలోని డెవలపర్‌లో ముంచుతూ ఒక చేయి పైకి ఒక చేయి కిందకు ఆడిస్తూ తీసేవారట.

"నిమిషాలెక్కడివి అబ్బాయ్, చీకట్లో గడియారం కనపడదుగా. లెక్కబెట్టుకుంటా ఆడించడమే. చెయ్యి ఆగితే చార పడిద్ది, అది మాత్రం తెలుసు."

ఎండలో తీసిన పెళ్ళి ఊరేగింపు రోల్ అయితే ఏం చేసేవారని అడిగాను. చేతులాడించే వేగం తగ్గించి, మధ్యలో కాసేపు ఫిల్మును ట్రేలో ముంచి ఉంచేవారట. పట్టు చీర మీద జరీ పోకుండా. పేరు పెట్టకుండా, పట్టిక లేకుండా చేసింది ఇదే పని. నా ముక్కల్లో పంచె బాగా వచ్చినదాన్ని లైటుకు ఎత్తి పట్టి, "ఇదిగో, దీంతో ప్రింటు వేస్తే ఎక్కడా కాగితం అడ్డుపెట్టి కాపాడుకోబళ్ళా" అన్నారు. ఆయన కన్ను నా లైట్ బాక్స్ కంటే నమ్మకం.

కదపకుండా వదిలేయడం

ఎడం గురించి ఇంత చెప్పుకున్నాక చివరిదాకా వెళ్ళి చూడాలి కదా. స్టాండ్ డెవలపింగ్ అంటే మొదట కాసేపు తిప్పి, ఆ తర్వాత ట్యాంకును ముట్టుకోకుండా గంటసేపు వదిలేయడం. దీనికి రొడినాల్ పేరు పొందింది. ఆగ్ఫా 1891 నాటి డెవలపర్, పారా అమైనోఫినాల్ మీద నడిచేది, ఇప్పటికీ రకరకాల పేర్లతో దొరుకుతుంది. 1+100 పలచన. 600 మి.లీ. ట్యాంకులో దాదాపు 6 మి.లీ. మందు. సిరంజితో కొలవాలి, గ్లాసుతో కాదు.

దీని కోసం కొత్తపట్నం సముద్రం ఒడ్డున వేరే రోల్ తీశాను. తీరం, పడవలు, పైన ఖాళీ ఆకాశం. ఇంకో ముక్క చీమకుర్తి దగ్గర రాళ్ళ మీద.

రాళ్ళ ముక్క చూస్తే ప్రాణం లేచొచ్చింది. నలుపు, తెలుపు కలిసే ప్రతి అంచూ చెక్కినట్టుంది. దీనికి కారణం ఉంది. ద్రవం కదలనప్పుడు, వెలుగు భాగంలో అయిపోయిన డెవలపర్, పక్కన నీడ భాగంలోని తాజా డెవలపర్ అంచు దగ్గర కలుస్తాయి. తాజాది ఇటు జరిగి వెలుగు అంచును ఇంకొంచెం ముదురు చేస్తుంది. బ్రోమైడ్ అటు జరిగి నీడ అంచును ఇంకొంచెం లేత చేస్తుంది. ఆ సన్నటి గీతల వల్ల కంటికి పదును పెరిగినట్టుంటుంది. రాయి కోత గాట్లకు ఇంతకు మించిన పద్ధతి లేదు.

ఆకాశం ముక్క మాత్రం పనికిరాదు. ట్యాంకులో ఫిల్ము అంచు మీద నిలబడి ఉంటుంది, ఒక వరస చిల్లులు పైన, ఒక వరస కింద. కదలిక లేకపోతే బ్రోమైడ్ నిండిన బరువైన ద్రవం పూత వెంబడి కిందకు జారుతుంది. చిల్లుల దగ్గర ఒకలా, వాటి మధ్య ఒకలా జారి, ఆకాశమంతా నిలువు చారలు గీస్తుంది. అరగంట దగ్గర ఒక్కసారి మెల్లగా బోర్లించే సెమీ స్టాండ్ పద్ధతిలో చారలు తగ్గాయి, పోలేదు. 35 ఎంఎంలో ఖాళీ ఆకాశమున్న ఫొటోకు స్టాండ్ వద్దని నా తీర్పు.

ఇంకో మాట. గంటసేపు ట్యాంకు బల్ల మీద ఉంటే మన ఊళ్ళో అది గది వేడికి చేరుతుంది. 24 డిగ్రీల దగ్గర మొదలైంది ముప్పై దాటుతుంది. వేడితో డెవలపర్ చురుకు పెరుగుతుంది కాబట్టి, మీరు చేసింది ఏ ఉష్ణోగ్రత దగ్గరి ప్రయోగమో చెప్పలేరు. నీళ్ళ బకెట్టులో ఉంచి, నీళ్ళ చల్లదనాన్ని గంటంతా కనిపెట్టుకోవాలి.

ఉగాది – వేడి మొదలు

పుస్తకాలన్నీ 20 డిగ్రీలంటాయి. చలికాలంలో తెల్లవారుజామున తప్ప మా కుళాయికి ఆ సంగతి తెలియదు. మార్చి దాటితే పైట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం చేతికి చురుక్కుమంటాయి. 20కి దించడానికి చాలా ఐసు కావాలి, పైగా గదిలో అది నిలవదు. అందుకే నా పనంతా 24 డిగ్రీలకు మార్చేశాను. పెద్ద బకెట్టులో నీళ్ళు, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ళ సీసాలు, ఒక థర్మామీటరు. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్, మిగిలిన సిల్వర్ హాలైడ్‌ను కరిగించేసే హైపో, కడగాల్సిన నీళ్ళు అన్నీ ఆ బకెట్టులోనే. తిప్పడం అయిన ప్రతిసారీ ట్యాంకు తిరిగి బకెట్టులోకి వెళ్ళాలి. అరచేతుల వేడి కూడా ట్యాంకుకు పాకుతుంది, మూతనూ అడుగునూ పట్టుకుని తిప్పితే మంచిది.

24 దగ్గర ఆ 11 నిమిషాలు ఎనిమిదికి కాస్త తక్కువవుతాయి. తిప్పుడుకు దీనితో సంబంధం ఏమిటంటే, సమయం తగ్గినకొద్దీ ఒక్కో బోర్లింపు బరువు పెరుగుతుంది. పదకొండు నిమిషాల్లో ఒకసారి ఎక్కువ తిప్పితే పెద్దగా తెలియదు. నాలుగు నిమిషాల్లో అయితే తెలుస్తుంది. డెవలపర్ పోయడానికి, పారబోయడానికి పట్టే సెకన్లు కూడా లెక్కలోకి వస్తాయి. అయిదు నిమిషాల లోపు సమయాలకు దూరంగా ఉండమని ఫిల్ము కంపెనీలు చెప్పేది అందుకే. 30 డిగ్రీల నీళ్ళతో స్టాక్ డెవలపర్ వాడితే ఆ గీత దాటి చాలా కిందకు పోతాం. ఎంత శ్రద్ధగా తిప్పినా అంతటా సమంగా రావడం కష్టం. ఎండ ప్రాంతంలో ఉన్నవాళ్ళు పలచన డెవలపర్ వైపు రావడానికి ఇదొక్క కారణం చాలు.

ముందుగా ఫిల్మును నీళ్ళతో తడపాలా అని అడిగేవాళ్ళున్నారు. ట్యాంకు చల్లబడుతుందని కొందరు చేస్తారు. ఇల్‌ఫర్డ్ తన ఫిల్ములకు వద్దంటుంది, అసమానంగా రావచ్చని. నేను చేయడం లేదు. ఖాళీ ట్యాంకునే బకెట్టులో కాసేపు ఉంచుతున్నాను.

హైపో, కడగడం

డెవలపర్‌లో ఎడం మంచిది కానీ హైపోలో కాదు. అక్కడ పని పూర్తిగా అయిపోవాలి, ఎక్కడా ఆపడం, అణచడం లేదు. మొదటి అర నిమిషం ఆపకుండా, తర్వాత ప్రతి నిమిషం తిప్పుతాను. కత్తిరించిన ఫిల్ము కొస ముక్కను హైపోలో వేసి, పాలరంగు పోయి పారదర్శకంగా మారడానికి పట్టే సమయం చూసుకుని, దానికి రెట్టింపు ఉంచుతాను.

కడగడానికి ఇల్‌ఫర్డ్ పద్ధతి మన నీటి ఎద్దడికి చక్కగా సరిపోతుంది. ట్యాంకు నింపి 5 సార్లు బోర్లించి పారబోయడం, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ నింపి 20 సార్లు. ధారగా కుళాయి వదలక్కర్లేదు, మూడు ట్యాంకుల నీళ్ళతో అయిపోతుంది. నేను అలవాటుగా ఇంకో ట్యాంకు కలుపుతాను. ఈ నీళ్ళు కూడా బకెట్టులోవే. 24లో ఉన్న మెత్తటి జెలటిన్ మీద పైట్యాంకు వేడి నీళ్ళు పోయకూడదు.

చివరి ముంపు మాత్రం మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళలో. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక ఫిల్ము మీద తెల్ల మరకలు కడతాయి. ఒంగోలుకు పడమట కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, అక్కడి మిత్రులు డెవలపర్ కలపడానికీ క్యాన్ నీళ్ళే వాడటం మేలు. ఆ ముంపులో నీళ్ళు బొట్లు కట్టకుండా జారేలా చేసే వెట్టింగ్ ఏజెంట్ రెండు చుక్కలు వేసి, రీలును ముంచి వదిలేయాలి. తిప్పితే నురగ వస్తుంది, నురగ ఆరితే మరకే.

ఇప్పటికి ఖాయం చేసుకున్నది

గిత్తల ఫొటోలకు: డీ-76 1+1, 24 డిగ్రీలు, మొదటి 30 సెకన్లు మెల్లగా ఆపకుండా బోర్లించడం, ఆ తర్వాత నిమిషానికి ఒక్క బోర్లింపు, ప్రతిసారీ పావు తిప్పుతో, ప్రతిసారీ తట్టుతో. మధ్య టోన్లు నిలవడానికి పట్టిక సమయానికి పదో వంతు కలుపుతున్నాను. సమయం పూర్తవడానికి పది సెకన్ల ముందే పారబోయడం మొదలు, వెంటనే స్టాప్.

ఈ పద్ధతిలో చేసిన మొదటి గిత్త రోల్ నిన్న ఆరింది. మూపురం మీద బూడిద ఛాయ నుంచి వీపు తెలుపు దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. గంగడోలు మడతల్లో వెంట్రుక తెలుస్తోంది. ముట్టె నలుపులో తడి మెరుపు కూడా ఉంది. ఇంత ఎండలో ఇంత దక్కుతుందని నేను అనుకోలేదు.

మబ్బు రోజుల రోళ్ళకు ఇల్‌ఫర్డ్ మామూలు పద్ధతే. రాళ్ళకు రొడినాల్ సెమీ స్టాండ్, ఆకాశం లేకుండా ఫ్రేము పెట్టుకుంటేనే.

మిగిలిన పని రెండు. ఒకటి, 1+3 పలచనలో ఇదే ముక్కల పరీక్ష. సమయం దాదాపు రెట్టింపు అవుతుంది, కాబట్టి వేసవిలో 24 నిలపడం తేలికవుతుందా కష్టమవుతుందా చూడాలి. రెండోది, బాబాయ్ దగ్గర అడిగి తెచ్చుకున్న 120 కెమెరాతో కొత్తపట్నం ఆకాశాన్ని మళ్ళీ తీయడం. 120 ఫిల్ముకు చిల్లులుండవు. స్టాండ్ చారల్లో చిల్లుల వాటా ఎంతో, బ్రోమైడ్ వాటా ఎంతో అప్పుడు విడివిడిగా తేలుతుంది. రోల్ తెప్పించాను, బండలాగుడు పోటీల రోళ్ళు అయ్యాక ట్యాంకులోకి వెళ్ళేది అదే.